రెండో రోజు పదకొండింటికి

పెదనాన్న పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. పొద్దున్నే కుండలో నీళ్లు మార్చి, తువ్వాలు తడిపి పిండి, బాల్కనీ తీగ మీద వేసి, మంచం మీద కూర్చున్నారట. కూర్చున్నట్టే వెళ్లిపోయారు. అమ్మ గొంతులో ఏడుపు కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "తువ్వాలింకా కారుతూనే ఉందే," అంది.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడక్కపోతే రాసే అలవాటు నాకు లేదు. కానీ పదకొండో రోజు అయ్యాక ఆఫీసుకి వెళ్తే, మా వైన్ క్లబ్బు అందరికీ పంపిన మెయిల్ ఒకటి నాకోసం కాచుకుని ఉంది. పెదనాన్న మా క్లబ్బుకి తొలి గురువట. మొదటి విందులో మా మేనేజరు పోసిన కియాంటి అనే ఇటలీ వైన్ రుచి చూసి, ఇలాంటిది జన్మలో ఎరగనని మెచ్చుకున్నారట. వచ్చే శనివారం మధ్యాహ్నం మేనేజరు ఇంట్లో ఆయన పేరున గ్లాసులెత్తుదామని రాశారు. చివర ఒక ద్రాక్షగుత్తి బొమ్మ.

పెదనాన్న ఆ కియాంటిని మెచ్చుకోలేదు. ఇది చెప్పడానికే ఈ నాలుగు మాటలూ. మీకిది చిన్న సంగతిలా కనిపించొచ్చు. ఆయన వెనకేసుకున్నది ఏమీ లేదు. నాలుక ఒక్కటే ఉండేది. పోయాక దానితో అబద్ధం చెప్పించారు.

పెదనాన్న మా నాన్నకి అన్న. విజయనగరం పక్కనుంచి ఇరవయ్యో ఏట సికింద్రాబాద్ వచ్చారు. వెనకాలే వచ్చిన నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేరితే, పెదనాన్నకి ఇటలీ ఫాదర్లు ఉండే ఇంట్లో బట్లరు పని దొరికింది. బల్ల సర్దడం, వడ్డించడం, గ్లాసులు తుడవడం. ముప్పై మూడేళ్లు చేశారు. ఫాదర్లని అడిగి నాకు కాన్వెంటులో సీటు ఇప్పించింది ఆయనే. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిచ్చేవారు, ఇత్తడి గుండీల తెల్లకోటు వేసుకునే. ఆయనెవరని తరగతిలో ఒకమ్మాయి అడిగితే, ఫాదర్ల ఆఫీసులో పని చేస్తారని చెప్పాను. ఆఫీసు అన్న మాట ఎందుకు కలిపానో నాకు తెలుసు.

ఆ ఫాదర్లకి వాళ్ల ఊళ్లనుంచి వైన్ వచ్చేది. చెక్కపెట్టెల్లో, ఓడలో బొంబాయికి, అక్కడినుంచి గూడ్సు బండిలో సికింద్రాబాదుకి. దారిలో తిన్న ఎండకి సగం సీసాలు పాడైపోయేవి. ఒకసారి ఒక కొత్త ఫాదర్ తన అన్నగారి తోటలో కాసిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ తెచ్చారు. బల్ల దగ్గర అందరూ తాగి, మర్యాద కొద్దీ ఆహా అన్నారు. గ్లాసుల్లో పోస్తున్నప్పుడే పెదనాన్నకి వాసన తెలిసిపోయింది. ఆయన ముఖం చూసి కొత్త ఫాదర్ ఏమిటని అడిగారు. "ఇది ఓడలోనే పోయింది ఫాదర్," అన్నారట పెదనాన్న. కొత్త ఫాదర్ గ్లాసు కింద పెట్టి, ఔను, నేనూ మొదటి గుక్కలోనే కనుక్కున్నాను, అన్నకి ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను అన్నారట.

మర్నాటినుంచి ఆ ఇంట్లో ఏ సీసా తెరిచినా మొదటి చెంచా బట్లరుది. నిజానికి రెండు చెంచాలు. ఒకటి నోరు కడుక్కోవడానికి, రెండోది రుచికి. రెండూ వరండాలో క్రోటన్ కుండీలోకి ఉమ్మేసేవారు. మా బంధువుల్లో మాత్రం ఆయనకి తాగుబోతని పేరు. ముప్పై మూడేళ్లలో ఆయన మింగినదంతా ఒకచోట పోస్తే, వాళ్ల పెళ్లిళ్లలో పందిరి వెనక ఒక పూట మాయమయ్యేదానికి సరిపోదు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. నేనంటున్నాను.

మా ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా ఆయన సీసా కుండ పక్కనే ఉండేది. మెట్టుగూడలో మా బాల్కనీలో ఇనప స్టాండు, దాని మీద మట్టికుండ, కింద పళ్లెంలో ఇసక. కుండకి ఆనించి ఇసకలో సీసా నిలబెట్టి తడి తువ్వాలు చుట్టేవారు. గంటకోసారి తడిపేవారు. ఫాదర్ల ఇంట్లోనూ అలాగే చేసేవారట. ఇటలీ ఎర్ర వైన్‌కి కుండ చల్లదనం చాలు, ఐసు పెడితే నోరు మూసుకుంటుందని ఆయన లెక్క. పెద్దమ్మ పోయి మా ఇంటికి వచ్చేశాక ఏడాదికి ఒకటి రెండు సీసాలు దొరికితే గొప్ప. ఈ ఊరిమీదుగా వెళ్లే ఏ ముసలి ఫాదరో గుర్తుపెట్టుకుని ఇచ్చి వెళ్లేవారు. సీసా లేని రోజుల్లో తువ్వాలు మజ్జిగ చెంబుకి చుట్టేవారు.

ఆయనకి ఇంకో పద్ధతి ఉండేది. తెరిచిన రోజు ఏ సీసా మీదా తీర్పు చెప్పేవారు కాదు, అది చచ్చిపోతే తప్ప. బిరడా మళ్లీ బిగించి, తడిగుడ్డ చుట్టి, మర్నాడు పొద్దున్న పదకొండింటికి రుచి చూసేవారు. కడుపు ఖాళీగానూ ఉండదు, బరువుగానూ ఉండదు అప్పుడు. "తెరిసిన రోజు దానికి సిగ్గు. కొత్త మనుసులు కదా. మర్నాడు మాటాడతాది," అనేవారు. ఆ రెండో రోజు చెంచా ఒక్కటే ఆయన మింగేది.

మెచ్చుకోవడంలో మా ఇంట్లో అందరికన్నా పిసినారి. అమ్మ చేసిన పులుసు బాగుంటే రెండోసారి వడ్డించుకునేవారు, అంతే. ఎందుకు పెదనాన్నా అని చిన్నప్పుడు అడిగితే, మెచ్చుకోలు ఉప్పులాటిదే గుంటా, అన్నిట్లో ఏసేస్తే ఏదీ తినలేవు అన్నారు.

మా ఆఫీసులో ఉప్పు బస్తాలకొద్దీ ఉండేది.

మాదాపూర్‌లో నెలకో అద్దాల భవనం లేస్తున్న రోజులవి. నేను సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాస్తాను. వాటిని ఎవరూ చదవరు. నాకు సరిపడిన పని. మా మేనేజరుకి ఒక ఇటలీ కంపెనీ పని దొరికింది. ఆయన మిలాన్ ఒకసారి వెళ్లి నాలుగు రోజులుండి వచ్చారు. వచ్చాక వైన్ క్లబ్బు పెట్టారు. అప్పటిదాకా శుక్రవారం సాయంత్రాలు బీరు తాగి కంపెనీ బస్సులో పాటలు పాడుకుంటూ వెళ్లినవాళ్లే, ఖాళీ గ్లాసు కాడ పట్టుకుని తిప్పడం మొదలుపెట్టారు. కాఫీ మిషను దగ్గర కాగితపు కప్పులో కాఫీ కూడా తిప్పేవారు. ఇంటర్నెట్‌లోంచి మాటలు అచ్చు తీసి పంచుకున్నారు. సెడార్ చెక్క, బ్లాక్‌కరెంట్, పెన్సిలు ముల్లు. బ్లాక్‌కరెంట్ పండు వాళ్లలో ఒక్కరూ చూడలేదు. పెన్సిలు ముల్లు మటుకు అందరం నాకినవాళ్లమే, కానీ ఆ మాట ఎవరూ ఒప్పుకోలేదు.

ఒకరోజు భోజనాల దగ్గర, ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలని మేనేజరు చెప్తున్నారు. నేను నోరు జారాను. ఆ రూము ఇటలీలో చలికాలపు రాతి ఇంట్లోదని, మన మే నెల రూము కాదని అన్నాను. అందరూ నావైపు తిరిగారు. నేను మాట్లాడటమే వాళ్లకి కొత్త. నీకెలా తెలుసని అడిగితే, పెదనాన్న సంగతి చెప్పాల్సొచ్చింది. వావ్, అంకుల్‌ని తీసుకురా అన్నారు మేనేజరు. వచ్చే శనివారమే మొదటి విందు.

పెదనాన్న ఆ మాటకి ఎంత సంబరపడ్డారో చెప్పలేను. ఫాదర్ల ఇల్లు వదిలాక ఆయన్ని ఒక సీసా గురించి అడిగినవాళ్లు లేరు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. తన చెంచా చొక్కా జేబులో, చేతిసంచీ చంకలో పెట్టుకున్నారు. ఆటోలో దారంతా, ఇటలీ ఎర్ర వైన్లలో ఏది ఏ వంటకి వడ్డించేవారో చెప్తూనే ఉన్నారు. నేను వింటూ, పాలిష్ చేసిన ఆయన పాత చెప్పులు చూస్తూ కూర్చున్నాను.

మేనేజరు వాళ్లది బోయిన్‌పల్లి. తరాలనుంచి కూరగాయల వ్యాపారం చేసిన కుటుంబం. పాత ఇల్లున్న చోటే కట్టిన అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు. హాల్లో గాజు షోకేసు, లోపల చిన్న లైట్లు. ఆ లైట్ల కింద, అల్లిక బుట్ట తొడిగిన బొద్దు సీసా కియాంటి రెండేళ్లనుంచి నిలబడి ఉంది. పక్కనే ఆయన కొత్తగా కొన్న బరోలో అనే ఇంకో ఇటలీ వైన్, విమానాశ్రయం దుకాణం ధర కాగితం చింపకుండా. మేం వెళ్లేసరికి కరెంటు పోయింది. ఏసీ లేదు. మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట. సీసాలు పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. పెదనాన్న బకెట్లో నీళ్లు, ఒక తువ్వాలు అడిగారు. అక్కర్లేదు అంకుల్, బుక్‌లో రూమ్ టెంపరేచరే ఉంది అన్నారు మేనేజరు.

ముందు కియాంటి తెరిచారు. అందరూ తిప్పారు, పీల్చారు, కళ్లు మూసుకున్నారు. చెర్రీలన్నారు, చాక్లెట్లన్నారు. వాసన నాకూ తెలుస్తోంది. అడుగంటిన ఎండుద్రాక్ష పాయసం. మేనేజరు పెదనాన్న గ్లాసులో పోసి, చెప్పండి అంకుల్ అన్నారు. పెదనాన్న జేబులోంచి చెంచా తీశారు. అప్పుడే ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన రెండు చెంచాలూ రుచి చూసి, ఉమ్మడానికి చోటు లేక బాల్కనీలోకి వెళ్లొచ్చి, మేనేజరు ముందు నిలబడ్డారు.

"బాబూ, ఇది లైటు సెగకి ఎప్పుడో సచ్చిపోయింది. ఇది పోయినోళ్ల పటం. దండేసి ఉంచుకోండి, తాగకండి."

అందరూ పెద్దగా నవ్వారు. జోకు చెప్పారనుకున్నారో, జోకు అయ్యారనుకున్నారో. మేనేజరు కూడా నవ్వారు, కానీ ఆ తర్వాత అంకుల్ అనడం మానేసి తాత అన్నారు.

తర్వాత బరోలో. రంగు పల్చగా ఉంటే నీళ్లు కలిపారన్నారు ఒకరు. తాగితే నోరు పిడచగట్టుకుపోయింది. చివర్న కూర్చున్న మేనేజరు వాళ్లమ్మ, కొడుకు బలవంతం మీద ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "ఏందిరా గిది, కరక్కాయ నమిలినట్టున్నది," అన్నారు. ఆ రోజు ఆ గదిలో తను తిన్న వస్తువు పేరు చెప్పిన మనిషి ఆవిడే. మేనేజరు నిపుణుడి ముఖం పెట్టి, ఇది కార్క్‌డ్, బిరడా వల్ల పాడైంది అని ప్రకటించారు. ఆ మాట ఆయన నేర్చుకుని వారమైంది, వాడటానికి చోటు దొరికింది. గ్లాసులన్నీ వంటింటి సింకులోకి వెళ్లాయి.

పెదనాన్న బిరడా అడిగి తీసుకుని వాసన చూసి బల్ల మీద పెట్టారు. పాడవలేదని, పసిదని, పైగా వేడి తగిలిందని చెప్పారు. చల్లబరిచి రేపు పదకొండింటికి చూడమన్నారు. ఎవరూ వినలేదు. మేనేజరు వాళ్లమ్మ మాత్రం దగ్గరికి జరిగి, "అన్నా, నిజంగ మంచిదేనా?" అని అడిగారు.

"రేపు సెప్తాదమ్మా," అన్నారు పెదనాన్న.

సీసాలో మూడోవంతు మిగిలింది. దాన్ని కూడా ఒంపేయబోతుంటే పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టారు. మేనేజరు చూసి, "పారబోసే బదులు తాతకి ప్యాక్ చేసిచ్చెయ్యండ్రా," అన్నారు. "పాపం, ఆయనకి వర్కవుట్ అవుతుంది." మళ్లీ నవ్వులు. బిరడా కోసం పెదనాన్న బల్ల మీద చూశారు. లేదు. చెత్తలో పడేశామన్నారు, ఏ సంచిలోనో తెలియదన్నారు. మేనేజరు వాళ్లమ్మ లేచి వంటింట్లో వెతికొచ్చారు, దొరకలేదు. పెదనాన్న పేపరు ముక్క అడిగి, మడతలు పెట్టి, సీసా మూతికి బిగించి, చేతిసంచీలో నిలువుగా పెట్టుకున్నారు. అందరూ చూస్తున్నారు, మిగిలింది మూటగట్టుకుపోయే ముసలాయన్ని చూసినట్టు. నేను నేల వైపు చూశాను. ఇటాలియన్ మార్బుల్ అని మేనేజరు అంతకుముందే చెప్పి ఉన్నారు.

ఆటోలో పెదనాన్న సీసాని రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా చేత్తో మూతి నొక్కేవారు. ఆ ముసలమ్మకి నాలుక ఉందే అన్నారు. చాలాసేపటికి, "నీకు సిగ్గేసిందా?" అని అడిగారు.

లేదన్నాను.

"ఏసింది," అన్నారు, కోపం లేకుండా.

మర్నాడు ఆదివారం. పదకొండు గంటలకి నన్ను బాల్కనీలోకి పిలిచారు. ఆయన దగ్గర ఒకే ఒక గ్లాసుంది, ఫాదర్లు ఇచ్చింది, అడుగు అంచు విరిగింది. తువ్వాలు విప్పి, కాగితం తీసి, గ్లాసులో రెండు వేళ్ల మందాన పోసి ముందు నాకిచ్చారు. అలా ఎప్పుడూ ఇవ్వలేదు.

వాసన ఏటో సెప్పమన్నారు. నేను ప్లమ్ అన్నాను. క్లబ్బు కాగితంలో మాట.

"తినని పండు పేరు సెప్పకు."

మళ్లీ వాసన చూశాను. ఈసారి తొందరపడలేదు. ముందు రోజా వచ్చింది. పువ్వుల కొట్లో రోజా కాదు, దేవుడి పటం మీద నిన్నటి రోజా. దాని వెనక ఇంకేదో ఉంది, నాకు బాగా తెలిసినది. నాన్న డ్యూటీకి అన్నం పట్టుకెళ్లే దారి. పట్టాల కింద తారు పూసిన చెక్క స్లీపర్లు, వాటి మీద వాన.

అదే చెప్పాను. పెదనాన్న గ్లాసు తీసుకుని తన చెంచా ముంచుకుని, గ్లాసు మళ్లీ నాకిచ్చారు. నేను కొంచెం తాగాను. వగరు ఉంది, కానీ నిన్నటిలా చెంపకి కొట్టే వగరు కాదు. నేరేడు పండు తిన్నాక నాలిక మీద మిగిలేలాంటిది. మింగాక కూడా చాలాసేపు పోలేదు. ఆయన రెండోసారి పోసుకున్నారు. మా ఇంట్లో దాని అర్థం అందరికీ తెలుసు.

నా చదువులో నాకు ఎవరూ నేర్పనిది ఆ పూట నేర్చుకున్నాను. ఎరగని మాటలు పక్కన పెట్టి, ఎరిగినదాన్ని దాని పేరుతో పిలవడం. పుస్తకాలు రాసే ఉద్యోగంలో ఉన్నదానికి అది ముందే తెలిసుండాల్సింది.

"రేపు మీ ఆపీసులో సెప్పు," అన్నారు. "నా పేరు కోసం కాదు. ఆ సీసా పేరు పోయింది కదా, అందుకు."

సోమవారం నేను చెప్పలేదు. కాఫీ మిషను దగ్గర కాగితపు కప్పులు తిరుగుతున్నాయి, మొన్నటి కియాంటి గొప్ప గురించి మాటలు సాగుతున్నాయి, ఎవరో చెంచా పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి ఉమ్మినట్టు నటించారు. నేను నా కప్పు పట్టుకుని నా చోటుకి వెళ్లిపోయాను. సాయంత్రం ఇంటికొస్తే పెదనాన్న గుమ్మంలోనే ఉన్నారు.

"సెప్పావా?"

"చెప్పాను పెదనాన్నా."

"ఏటన్నారు?"

"సరేనన్నారు."

నా ముఖం కేసి కాసేపు చూశారు. ఫాదర్ల ఇంటెడు మర్యాద మధ్యలోనూ, చచ్చిపోయిన సీసాని వాసనతోనే పట్టుకున్న మనిషి. వెళ్లి తువ్వాలు తడుపుకున్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. క్లబ్బు వాళ్లని నేను ఇంత తేలిగ్గా తీసిపారేస్తున్నానంటే వాళ్లలో నన్ను కలపలేదనుకోకండి. వాళ్లు తెలియక నవ్వారు. నేను రుచి చూసి మరీ నోరు మూసుకున్నాను.

అందుకే ఆ మెయిల్లో రాసిన శనివారం వెళ్లాను. పెదనాన్న చేతిసంచీ పట్టుకుని వెళ్లాను.

అదే హాలు. ఈసారి కరెంటు ఉంది. కియాంటి ఖాళీ సీసాలో కొవ్వొత్తి గుచ్చారు. ఒక బరోలో తెరిచి అందరికీ పోశారు. మేనేజరు లేచి, గ్లాసు ఎత్తి, తాత మన కియాంటి తాగి ఎక్సలెంట్ అన్న రోజు నాకింకా కళ్ల ముందే ఉంది అంటూ మొదలుపెట్టారు. చేతిలో గ్లాసుతో, కంఠం కొంచెం వణికిస్తూ. అది ఆయన ప్రెజెంటేషన్లలో వాడే వణుకే.

నేను లేచాను.

"ఆయన అలా అనలేదు," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అనాల్సొచ్చింది. అప్పుడు అందరూ తిరిగారు.

"కియాంటి చచ్చిపోయిందన్నారు. పటానికి దండేసుకోమన్నారు. మీరు పారబోసిన బరోలో మంచిదన్నారు. అది మంచిదే. మర్నాడు నేను తాగాను. మీకు చెప్పమన్నారు. నేను చెప్పలేదు."

మేనేజరు నవ్వి, రిలాక్స్, ఇది ట్రిబ్యూట్ కదా అన్నారు. పోయినవాళ్ల గురించి మంచి మాటే చెప్పుకోవాలన్నారు. ఆ మంచి మాట ఎవరి గురించో అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. అందరూ గ్లాసులెత్తి, తాగి, ముఖాలు చిట్లించి, వెంటనే సర్దుకుని, స్ట్రక్చర్ బాగుంది అన్నారు. ఏడాదిలో నేర్చుకున్నది అది. ఇదివరకు నచ్చకపోతే పారబోసేవారు, ఇప్పుడు నచ్చకపోయినా మెచ్చుకుంటున్నారు. రెండు గుక్కల తర్వాత అందరూ బీర్ల వైపు జరిగారు. సీసాలో సగం పైన మిగిలింది.

"ఇది నేను తీసుకెళ్తాను," అన్నాను.

ఎవరో నవ్వబోయి ఆగారు. నేను సంచీ విప్పి బల్ల మీద పెట్టాను. అందరూ చూస్తుండగానే పెట్టాను. మూతికి పెట్టడానికి పేపరు కోసం వెతుకుతుంటే మేనేజరు వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చారు. కొంగుముడి విప్పి బిరడా నా చేతిలో పెట్టారు.

"ఇది సుత తీస్కపో బిడ్డా. పోయినసారి అన్న అడిగితే దొరకలే. గీసారి తెరవంగనే తీసి పెట్టిన."

ఆటోలో సీసాని మోకాళ్ల మధ్య పట్టుకున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా మూతి నొక్కాను.

మర్నాడు పదకొండింటికి తువ్వాలు విప్పాను. విరిగిన అంచు గ్లాసులో రెండు వేళ్ల మందాన పోశాను. చెంచాతో ముందు నోరు కడుక్కుని బాల్కనీ మొక్కలోకి ఉమ్మాను. రెండోది మింగాను. తర్వాత లోపలికి వెళ్లి మేనేజరు ఇంటి నంబరుకి ఫోన్ చేశాను. అటు ఎత్తింది వాళ్లమ్మ. అబ్బాయి ఇంకా లేవలేదన్నారు.

"ఆయనకి చెప్పండి," అన్నాను. "వైన్ మంచిదని."

"గట్లనా," అన్నారావిడ. "అన్న అప్పుడే చెప్పిండు గద," అన్నారు.

బాల్కనీలోకి తిరిగొచ్చేసరికి గ్లాసు మీద ఎండ జరిగింది. తువ్వాలు మళ్లీ తడిపి సీసాకి చుట్టాను. పిండటం సరిగ్గా రాలేదు. నీళ్లు సీసా మీదుగా దిగి కింద ఇసకలో ఇంకుతున్నాయి, ముందు నల్లగా ఒక చుక్క, తర్వాత దాని చుట్టూ ఇంకొంచెం, నెమ్మదిగా కుండ అడుగుదాకా.